సందేహాలు – సమాధానాలు: ‘పుల్-అప్ రెసిస్టర్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: పాలిటెక్నిక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ చెబుతాను. చిప్పులు రెండు లైన్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ-టు-సి బస్ గురించి తెలుగులో నోట్సు రాస్తున్నాను. పుల్-అప్ రెసిస్టర్‌ను ఒకాయన ‘ఊర్ధ్వకర్షక నిరోధకం’ అనమన్నారు. ‘పైకి లాగే రెసిస్టర్’ అంటే తప్పా? డేటా వెళ్ళే లైను ఎస్‌డీఏ గురించి ‘ఎస్‌డీఏ లైను పుల్-అప్ చేయబడవలెను’ అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: తప్పు కాదు, నన్నడిగితే అదే మేలు. ‘కర్షక’ అనగానే పిల్లలకు రైతు గుర్తొస్తాడు. దున్నడానికీ లాగడానికీ సంస్కృతంలో ధాతువు ఒక్కటేనని వాళ్ళకు విడమరిచి చెప్పేలోపు ల్యాబ్ పీరియడ్ అయిపోతుంది. ‘నిరోధకం’ పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకున్న మాట, ఉండనివ్వండి.

లాగడానికి మనకు మాటల కొదవ లేదు: ఈడ్చు, గుంజు, చేదు, తిగుచు. ఈ చివరిది వాడుక తప్పింది గానీ, పోతన గజేంద్రమోక్షణంలో దాని అందం చూడండి.

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచు

దీన్ని ‘దిగుతూ’ అని అర్థం చెప్పేవాళ్ళను విన్నాను, బాధేసింది. అది తిగుచు; ద్రుతం (‘కరిన్’లోని చివరి నకారం) తర్వాత ‘ద’ అయింది. మొసలి ఏనుగును మడుగుకు లాగుతోంది, ఏనుగు మొసలిని గట్టుకు లాగుతోంది. ఎదురెదురు పనులు రెంటికీ క్రియ ఒక్కటే. ఎవరు ఎటు లాగుతున్నారో చెప్పేది ‘సరసికి’, ‘దరికి’ అన్నచోట ఉన్న ‘కి’. దిక్కు చెప్పే పని తెలుగులో విభక్తిది. ‘అప్’ ఉంది కదా అని ‘ఊర్ధ్వ’ను వెతికి తేవడం ఎందుకు? ‘పైకి’ చాలదా? ధర పైకి పోతుందంటే ఆకాశం వైపని ఎవరూ అనుకోరు, వోల్టేజీ సంగతీ అంతే.

మీ బస్సులో జరిగేదీ ఈ పెనుగులాటే. ఫిలిప్స్ వాళ్ళు 1982లో తెచ్చిన ఈ పద్ధతిలో చిప్పులన్నీ ఓపెన్ డ్రెయిన్. లైనును గ్రౌండుకు లాగడమే వాటికి వచ్చు. అవి వదిలేశాక దాన్ని 3.3 వోల్టులకు లాగేది రెసిస్టర్. కాకపోతే ఇక్కడ మొసలే, అంటే కిందికి లాగే చిప్పే, గెలవాలి. 3 మిల్లీఆంపియర్లు మాత్రమే మింగగల చిప్‌కు 3.3 వోల్టుల దగ్గర దాదాపు ఒక కిలోఓమ్ కంటే తక్కువ పెడితే అది లైనును కిందికి తేలేదు. మరీ పెద్దది పెడితే లైను నీరసంగా లేస్తుంది. 400 కిలోహెర్ట్జ్ వేగం దగ్గర లేవడానికి గడువు 300 నానోసెకన్లే. మైక్రోకంట్రోలర్ లోపలుండే పదుల కిలోఓమ్‌ల పుల్-అప్ సాధారణంగా దాన్ని అందుకోలేదు. అందుకే 4.7 కిలోఓమ్‌లు వాడుకైంది, వేగం పెరిగితే 2.2. పైగా మాడ్యూళ్ళు (చిప్ బిగించి అమ్మే చిన్న బోర్డులు) తమ రెసిస్టర్లను తామే తెచ్చుకుంటాయి. 4.7వి రెండు పక్కపక్కన (సమాంతరంగా) కలిస్తే 2.35 అవుతుంది. ‘పుల్-అప్ ఎక్కువ పెట్టు’ అంటే పెంచాల్సింది బలమా, ఓమ్‌లా? ఓమ్‌లు తగ్గితేనే బలం పెరుగుతుంది కాబట్టి, ఆ మాట నోట్సులో రాయకండి.

ఇక ‘బస్’ అన్న మాట లాటిన్ ‘ఆమ్నిబస్’కు తోక. దాని అర్థం ‘అందరికీ’. అంటే మిగిలిన ‘బస్’ మన ‘కి’ లాంటి విభక్తి ప్రత్యయమే! దాన్ని అలాగే వాడుకోండి.

‘చేయబడవలెను’ మాత్రం ఒప్పుకోను. ఈ ‘బడు’ వాక్యాలు సాంకేతిక పుస్తకాల నిండా పాకిపోయాయి. లైను దగ్గర లాగేవాళ్ళు ఇద్దరున్నప్పుడు ఎవరు లాగుతున్నారో, ఎటు లాగుతున్నారో దాచే వాక్యం విద్యార్థికి అన్యాయం చేస్తుంది. ‘ఎస్‌డీఏ లైనును 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు లాగి ఉంచాలి’ అని రాయండి. రెండో లైను, క్లాక్ వెళ్ళే ఎస్‌సీఎల్‌కూ ఇదే వాక్యం.

ల్యాబ్‌లో ‘పుల్-అప్’ అంటే అననివ్వండి. నోట్సులో మొదటిసారి ‘పైకి లాగే రెసిస్టర్’ అని రాసి, తర్వాత పుల్-అప్ అన్నా నాకు అభ్యంతరం లేదు. ఇక పుల్-డౌన్‌ను ‘కిందికి లాగే’ అనాలా, ‘గ్రౌండుకు లాగే’ అనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి రెండోదాని వైపే మొగ్గుతున్నాను.