ఎస్‌జీపీటీ నార్మల్ అని హెపటైటిస్ బిని వదిలేయొచ్చా?

మీవారు రక్తదానానికి వెళ్తే హెపటైటిస్ బి బయటపడింది, లివర్ దెబ్బతిందా అని చూసే ఎస్‌జీపీటీ నార్మల్, మందులక్కర్లేదన్నారు, ఇక వదిలేయొచ్చా అని అడిగారు. వద్దమ్మా. మందు అక్కర్లేకపోవడం వేరు, చూపించుకోనక్కర్లేకపోవడం వేరు.

వైరస్ ఒంట్లో ఉందని చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష ఆరు నెలల తర్వాతా పాజిటివ్ ఉంటే వైరస్ పాతుకుపోయినట్టే. దాని డీఎన్ఏ లివర్ కణాల డీఎన్ఏలో కలిసిపోతుంది. సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) లేకుండానే క్యాన్సర్ రావడానికి అదో కారణం. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్ఏ, అదెంత చురుగ్గా ఉందో చెప్పే హెచ్‌బీఈఏజీ, లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించండి. ఆయనకు 40 దాటినా, సిర్రోసిస్ ఉన్నా, వాళ్లింట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చినా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష తప్పవు. రెండు సెంటీమీటర్ల గడ్డను తీసేయొచ్చు. నొప్పి వచ్చేదాకా ఆగితే చాలామందికి ఆ అవకాశం పోతుంది. రేపు వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర మొదలుపెడితే సొంతంగా మాత్రం ఆపొద్దు, వైరస్ ఒక్కసారిగా తిరగబడుతుంది.

పసరు మందు జోలికీ పోవద్దు. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా వైరస్ దానంతటదే పోతుంది, పేరు మాత్రం పసరుకొస్తుంది. పుట్టినప్పుడు సోకితే లెక్క తిరగబడుతుంది, నూటికి 90 మందిలో ఉండిపోతుంది. మీవారికీ పసితనంలోనే వచ్చి ఉండొచ్చు. అందుకే మీ అత్తగారికి, ఆయన తోబుట్టువులకు, మీకు, పిల్లలకు హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఉందా), టోటల్ యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందా) మూడూ చేయించండి. మూడూ నెగెటివ్ అయితే 0, 1, 6 నెలల్లో టీకా, పెద్దవాళ్లకు జబ్బకే, పిరుదుకు కాదు. అక్కడ కొవ్వులో పడి సరిగా పనిచేయదు. ఆఖరి డోసైన నెల రెండు నెలలకు మీరు యాంటీ హెచ్‌బీఎస్ చూసుకోండి, 10 mIU/mL దాటాలి. ఆయన కంచం, గ్లాసు వేరుపెట్టకండి, పాపం. రేజరు, బ్రష్షు, గోళ్ల కత్తెర వేరుగా ఉంటే చాలు.

అసలు బాధ బిడ్డ పుట్టిన రోజే వేయాల్సిన హెపటైటిస్ బి టీకా డోసు గురించి. శనివారం రాత్రి కాన్పు. ఫ్రిజ్‌లో పది డోసుల సీసా ఉంటుంది. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే మిగతాది వృథా అని సోమవారానికి వాయిదా వేస్తారు. ఆ భయం అనవసరం. తెరిచిన సీసాను 2-8 డిగ్రీల్లో శుభ్రంగా ఉంచి, తెరిచిన తేదీ రాసిపెడితే 28 రోజులు వాడొచ్చని ప్రభుత్వ నిబంధనే ఉంది. చెడేది గడ్డకడితే. ఫ్రీజర్ గోడకు ఆనించిన సీసా గడ్డకట్టి కనిపిస్తే పారేయాలి, అనుమానంగా ఉంటే ఊపి చూడండి, తెల్లటి పలుకులు గబగబా అడుక్కి దిగితే అది పారేయాల్సిందే. 1997 నుంచీ హైదరాబాద్‌లోనే తయారవుతున్న టీకా మన బిడ్డకు మొదటి రోజు అందకపోవడం ఏం న్యాయం?

గర్భిణికి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయి, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) 2 లక్షల IU/mL దాటితే ఏడో నెల నుంచే టెనోఫోవిర్ ఇస్తారు. బిడ్డకు 12 గంటల్లోపు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను ఎదుర్కొనే రెడీమేడ్ యాంటీబాడీలు). ఆ ఇంజెక్షన్ అర్ధరాత్రి దొరకదు, కాన్పుకు ముందే తెప్పించి పెట్టించాలి. డిశ్చార్జి కార్డులో టీకా తేదీతో పాటు వేసిన టైమూ రాయించుకోండి.