ఫసలీ రాసే నాన్న, బీరూనీ చదివే కూతురు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. మా అమ్మాయి బి.ఎ. హిస్టరీ రెండో సంవత్సరం. గ్రూప్-2 రాయించాలని నా ఆశ. ఆరు నెలలుగా ఇస్లాం చరిత్ర, సూఫీలు అంటూ పుస్తకాలు తెచ్చుకుని చదువుతోంది. పీజీ కూడా అటువైపే చేస్తానంటోంది. ‘మనకెందుకమ్మా అవన్నీ’ అన్నందుకు నాతో మాట్లాడటం తగ్గించేసింది. వాళ్లమ్మకు సంబంధాల టెన్షన్. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా? ఏవి చదవాలి, ఏవి అక్కర్లేదు? తన నోట్‌బుక్కులో రెండు పేజీలు ఫోటో తీసి పంపుతున్నాను.

జవాబు: ముందుగా ‘మనకెందుకు’ అన్న మాట దగ్గరే ఆగుదాం. మీరు రోజూ ఆఫీసులో ఫసలీ, అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, వేసి రాస్తారు కదా. 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ‘ఫసల్’ అరబ్బీ మాట, పంటకాలం అని అర్థం. మీ ఆఫీసు పేరులో ఉన్న తహసీలు, పాత కాగితాల్లో కనిపించే మహసూలు, హాసిలు, మూడూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి. మీరు పద్దులో రాసే జమ, శ్రీకాకుళంలోని జామియా మసీదు పేరు, శుక్రవారం జుమ్మా, ఇవీ ఒక కుటుంబమే. పోగవడం, పోగుచేయడం అని మూలార్థం. అమలు, మామూలు కూడా అంతే. (మామూలుకు ఆఫీసుల్లో ఉన్న రెండో అర్థం మాత్రం మన సొంత సృష్టి!) కాబట్టి అమ్మాయి ఎక్కడికో పోలేదు. మీ టేబుల్ మీదున్న మాటలకు ఊరూ పేరూ వెతుకుతోంది.

ఇక ఆ రెండు పేజీలు. మీరు పంపిన కాగితాల్లో నన్ను ఆపింది అవే. పేజీకి నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు పుస్తకంలో ఉన్నది, కుడివైపు తన అనుమానాలు రాసుకుంది. అల్ బీరూనీ రాసిన ‘కితాబుల్ హింద్’ చదువుతోంది. కుడివైపు ఒకచోట ఎర్ర పెన్నుతో ‘ఈయనకు సంస్కృతం నేర్పింది ఎవరు? వాళ్లు ఎందుకు నేర్పారు?’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. ఇరవై ఏళ్లుగా పిల్లల నోట్సులు చూస్తున్నాను. గైడు చూసి ఎక్కించుకున్న పేరాలే ఎక్కువ. ఇలాంటి ప్రశ్న ఏడాదికి ఒక్కటి కనిపిస్తే గొప్ప. గజనీ మహమ్మదు దండయాత్రల కాలంలో వచ్చినవాడికి ఇక్కడి పండితులు చదువు ఎందుకు చెబుతారు అన్నది అసలైన చరిత్ర ప్రశ్న. ఆమెకు ఈ విషయం మీద ఉన్నది సరదా కాదు.

మీరు పుస్తకాల గురించి అడిగారు కనుక, ఆమె బీరూనీతో మొదలుపెట్టడం మంచిదే అంటాను. 973లో మధ్య ఆసియాలోని ఖ్వారజం ప్రాంతంలో పుట్టిన మనిషి. 1030 ప్రాంతంలో ఎనభై అధ్యాయాల్లో మన దేశం గురించి రాశాడు. పతంజలి యోగసూత్రాలను అరబ్బీలోకి తెచ్చాడు. వాదించి గెలవడానికి కాదు, హిందువులు చెప్పేది చెప్పినట్టు రాస్తానని ముందుమాటలోనే అంటాడు. ఎడ్వర్డ్ సచావు 1888లో వేసిన ఇంగ్లీషు అనువాదానికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీకు తెలియాల్సిన ఇంకో సంగతి: దీని అరబ్బీ మూలాన్ని 1958లో హైదరాబాదులో అచ్చువేశారు. ఉస్మానియా ఆవరణలో ఉన్న దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ 1888 నుంచి పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి వేస్తోంది. ఎక్కడెక్కడి పండితులో ఆ ప్రతులు తెప్పించుకుంటారు. మన పిల్లలకు ఆ పేరే తెలియదు.

దీని తర్వాత అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌ను చదవమనండి. 1377లో, ఇప్పటి అల్జీరియాలో ఉన్న ఒక కోటలో కూర్చుని ‘ముఖద్దిమా’ రాశాడు. రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్నది ఆయన పట్టుకున్న విషయం. ఎడారిలో కష్టపడ్డ గుంపులో ఒకరికొకరు ప్రాణమిచ్చే కట్టు ఉంటుంది, దాన్ని ఆయన ‘అసబియ్యా’ అన్నాడు. అధికారం దక్కి, నగరంలో సుఖం మరిగాక ఆ కట్టు సడలుతుంది. సుమారు మూడు తరాలు, అంటే 120 ఏళ్లలో వంశం చివరికొస్తుందని లెక్క కట్టాడు. రోజెంతాల్ ఇంగ్లీషు అనువాదం మూడు సంపుటాలు, దాని సంక్షిప్త ప్రతి ఒకటే పుస్తకం. అమ్మాయికి ఆ ఒక్కటి చాలు ఇప్పటికి. చదివాక ఒక పని చెప్పండి. గోల్కొండ కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా, అంటే 169 ఏళ్లు ఉన్నారు. ఇబ్న్ ఖల్దూన్ లెక్క ఇక్కడ తప్పిందా, తప్పితే ఎందుకు? నాలుగు పేజీలు రాయమనండి. రాయగలిగితే ఎం.ఎ.లో ఆమెకు ఇబ్బంది ఉండదు. రాయలేక విసుక్కుంటే అదీ మనకు తెలియాల్సిన సంగతే.

ఆధ్యాత్మికం వైపు ఇస్లాం పండితుడు గజాలీ రాసిన ఆత్మకథలాంటి చిన్న పుస్తకం ఉంది, ‘అల్ మున్‌ఖిజ్’ అంటారు. బాగ్దాదులో పెద్ద విద్యాపీఠంలో అందరికంటే పేరున్న అధ్యాపకుడు. 1095లో పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, అన్నం సహించలేదు. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. తండ్రులకు నచ్చే పుస్తకం కాదని ముందే చెబుతున్నాను, అయినా మీరూ చదవండి, చాలా చిన్నది. సూఫీల గురించి పద్ధతిగా తెలుసుకోవాలంటే ఆన్‌మరీ షిమ్మెల్ 1975లో వేసిన ‘మిస్టికల్ డైమెన్షన్స్ ఆఫ్ ఇస్లాం’ ఉంది. మొత్తం ఇస్లామిక్ నాగరికతకు హాడ్జ్‌సన్ మూడు సంపుటాలు ఉన్నాయి, కానీ పీజీ దాకా వాటి జోలికి వద్దు. భాష మరీ బరువు.

అక్కర్లేనివి ఏవంటారా? వాట్సాప్‌లో సూఫీ కవి రూమీ పేరుతో తిరిగే సూక్తులు. అందులో సగానికి ఆధారం దొరకదు. అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయిన కోల్‌మన్ బార్క్స్ రూమీకి కూడా అదే చిక్కు. ఆయనకు రూమీ రాసిన పారశీకం (పర్షియన్) రాదు, పాత ఇంగ్లీషు అనువాదాలనే తిరగరాశాడు. చదువుకోవడానికి హాయిగానే ఉంటుంది, పరిశోధనకు పనికిరాదు. రూమీ పెద్ద కావ్యం ‘మస్నవీ’ కావాలంటే నికల్సన్ అనువాదం గానీ, మొజద్దెదీది గానీ తీసుకోవాలి. ఒక మతాన్ని ఆకాశానికెత్తే పుస్తకాలూ, తిట్టడానికే రాసిన పుస్తకాలూ రెండూ పక్కన పెట్టమనండి. చూడగానే తెలిసిపోతాయి, ఏ మాట ఎక్కడ దొరికిందో ఏ పేజీలోనూ చెప్పవు.

తెలుగులో ఏమీ లేదనుకోకండి. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగు చేశారు. దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంను ‘పానశాల’గా తెచ్చారు. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చింది కుతుబ్‌షాహీల అధికారి అమీన్‌ఖాన్‌కు. దక్కన్ చరిత్రకు రిచర్డ్ ఈటన్ 2005లో ఇంగ్లీషులో రాసిన సామాజిక చరిత్ర కూడా ఉంది. అది కాకతీయ ప్రతాపరుద్రుడితో మొదలవుతుంది, మన పిల్లలకు దారి సులువు.

ఇప్పుడు అసలు మాట. పుస్తకాలు ఎన్ని చదివినా ఉద్యోగం పుస్తకాల్లో లేదు, భాషలో ఉంది. ఇంగ్లీషు అనువాదాలు చదివి హిస్టరీ ఎం.ఎ. చేసినవాళ్లు రాష్ట్రంలో కొల్లలు. పారశీకం చదివి, పాత చేతిరాత విప్పగలిగిన తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన ప్రాంతం చూడండి. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు కేంద్రం, ఫౌజ్‌దారులు, అంటే దాన్ని ఏలే సైనికాధికారులు, అక్కడే ఉండేవారు. తర్వాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ అక్కడ పనిచేసినవాడే. ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన 1765 నాటి మొగలు ఫర్మానా, అంటే చక్రవర్తి ఉత్తర్వు, పారశీకంలోనే ఉంది. విజయనగరం కోటకు చోటు చూపించింది మహబూబ్ వలీ అనే ఫకీరని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కథ ఎంతవరకు నిజమో తేల్చాలంటే కూడా కాగితాలు చదవగలిగినవాళ్లు కావాలి కదా.

అందుకని ఈ రెండేళ్లూ ఆమెకు పరీక్షాకాలం అనుకుందాం. ముందు ఉర్దూ లిపి. రోజుకు గంట కూర్చుంటే మూడు నెలల్లో అక్షరాలు కలిపి చదవడం వస్తుంది. మొదట్లో కుడి నుంచి ఎడమకు చూపు తిరగదు, చుక్కలు ఒకటా రెండా అని కళ్లు నొప్పిపెడతాయి. మా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఆ చుక్కల దగ్గరే మానేశాడు, ఇప్పుడు బ్యాంకులో హాయిగా ఉన్నాడు. తప్పేం లేదు. ఢిల్లీలోని జాతీయ ఉర్దూ మండలి, ఎన్‌సీపీయూఎల్ అంటారు, దూరవిద్యలో ఏడాది ఉర్దూ డిప్లొమా నడుపుతుంది. డిగ్రీతో పాటే చేసుకోవచ్చు. ఆ తర్వాత పారశీకం. మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది, ఆడ మగ తేడాలు లేవు. హిందీలో ‘కా, కీ’లకు తడబడేవాళ్లకు పెద్ద ఊరట. అరబ్బీ దీనికి మూడింతల కష్టం, తొందరపడొద్దు.

పీజీకి నా సలహా హిస్టరీయే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీలోని జేఎన్‌యూ సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్ష ద్వారా తీసుకుంటాయి. మధ్యయుగ చరిత్ర ప్రధానంగా తీసుకుని, పక్కన పారశీకం నేర్చుకోవాలి. ఇస్లామిక్ స్టడీస్‌లోనే ఎం.ఎ. కావాలంటే అలీగఢ్, జామియా మిలియా, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. చివరిదాంట్లో బోధన ఉర్దూలో, ఉర్దూ చదివిన ఆధారం అడుగుతారు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ‘అరబ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ స్టడీస్’ విడి సబ్జెక్టుగానే ఉంది. కానీ ఆ ఒక్క పట్టాతో మన కాలేజీల్లో పోస్టులు తక్కువ. హిస్టరీ పట్టా ఉంటే డిగ్రీ కాలేజీ, జూనియర్ కాలేజీ, బీఎడ్ చేస్తే డీఎస్సీలో సోషల్, అన్నిటికీ తలుపు తెరిచే ఉంటుంది.

డబ్బు సంగతి దాచను. నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు, ఆడపిల్లలకు వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. వినడానికి బాగుంటుంది, కానీ అక్కడికి చేరేసరికి ఆమెకు ఇరవై తొమ్మిదో ముప్ఫయ్యో వస్తాయి, మధ్యలో గెస్ట్ లెక్చరర్‌గా అరకొర జీతంతో రెండు మూడేళ్లు గడవొచ్చు. కాలేజీలు కాక ఇంకొన్ని చోట్లున్నాయి. పురావస్తు శాఖకు అరబ్బీ, పారశీక శాసనాల విభాగం నాగపూర్‌లో ఉంది. తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబు కాలం కాగితాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, పాట్నాలో ఖుదాబక్ష్, రాంపూర్‌లో రజా లైబ్రరీలు రాతప్రతుల ఖజానాలు. పోస్టులు ఏటా పడవు, పడినప్పుడు మాత్రం భాష వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు.

గ్రూప్-2 వదలమని నేను అనడం లేదు. మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంటుంది, కుతుబ్‌షాహీల భాగం ఈమెకు మంచినీళ్లప్రాయం. పీజీ రెండో ఏడు నుంచి ఒకటి రెండుసార్లు రాయనివ్వండి. డిప్యూటీ తహసీల్దారు అయితే మీ కోరికా తీరుతుంది, రాత్రిపూట ఇబ్న్ ఖల్దూన్ చదువుకుంటే ఎవరూ కాదనరు.

వాళ్లమ్మగారి టెన్షన్ గురించి ఒక్క మాటే. బీరూనీ యోగసూత్రాలు చదివాడు, తన మతంలోనే ఉన్నాడు. చదివితే మతం మారిపోతారన్న భయం ఉంటే, విజయనగరం బాబామెట్ట దర్గా ఉరుసుకు వెళ్లి ఫాతెహా ఇప్పించి వచ్చే మన ఇళ్లలో ఎంతమంది మారారో ఆమెనే లెక్క చెప్పమనండి. సంబంధాలకు ఎం.ఎ. హిస్టరీ అని చెప్పండి చాలు.

మాటలు తగ్గించిన అమ్మాయితో మళ్లీ కలపడానికి మీ ఆఫీసు మాటలే పనికొస్తాయి. ఈ ఆదివారం పాత అడంగలు (గ్రామ భూముల లెక్క) నకలు ఒకటి ముందేసుకుని, ఇందులో అరబ్బీ, పారశీక మాటలు ఎన్ని ఉన్నాయో తీయమనండి. ఆ ఎర్ర పెన్ను ప్రశ్నకు జవాబు కోసం బీరూనీ మొదటి అధ్యాయమే ఇంకోసారి చూడమనండి. ఇక్కడి జ్యోతిష పండితుల దగ్గర మొదట శిష్యుడిలా నిలబడ్డానని, తర్వాత తాను లెక్కలు వివరిస్తుంటే ‘నీకు ఏ హిందూ గురువు చెప్పాడు’ అని వాళ్లే ఆశ్చర్యపోయి అడిగారని అక్కడ రాసుకున్నాడు. గురువుల పేర్లు మాత్రం చెప్పడు. ఎందుకు చెప్పలేదన్నది ఆమె కుడివైపు పేజీలో రాసుకోవాల్సిన తర్వాతి ప్రశ్న.