అమ్మలుకి మావయ్య ఉత్తరం: పది సైట్ల సంగతి

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి కాశీబుగ్గ వచ్చీశావని, ఇంటి దగ్గరే ఉండి వెబ్‌సైట్లు నడుపుతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వినగానే గుండె ఝల్లుమంది. రాత్రంతా అదే ఆలోచన. తెల్లారేసరికి మాత్రం మా గుంటకి ఎంత ధైర్యమని మీ అత్తతో నాలుగుసార్లు అన్నాను.

నువ్వు పంపిన జాబితా చదివాను. జీడిపప్పుకి ఒకటి, పొందూరు ఖద్దరుకి ఒకటి, బొబ్బిలి వీణకి ఒకటి, బుడితి ఇత్తడికి ఒకటి, తేలినీలాపురం పక్షులకి ఒకటి. అక్కడికి బాగానే ఉంది. ఆ కింద మిక్సీల రివ్యూలు, పిల్లల పేర్లు, ఉద్యోగ ప్రకటనలు, ఇన్సూరెన్సు, బరువు తగ్గడం. చివర్న "ఒకటి పోయినా తొమ్మిది ఉంటాయి కదా మావయ్యా" అని రాశావు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పీస్తాను. హోస్టింగ్, అంటే సైటుని ఉంచే అద్దె చోటు, మరీ చవకది వద్దు. డిజైన్ కోసం నెలలు తినకు. ఫోన్‌లో గబుక్కున తెరుచుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు చదివేది ఫోన్‌లోనే. గూగుల్‌లో నీ సైటు ఎలా కనబడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్ మొదటిరోజే పెట్టుకో. వారానికోసారి బ్యాకప్ తీసి ఇంట్లో కూడా ఒక కాపీ ఉంచు. ఇవన్నీ నీకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. చిన్న చిన్న సైట్లు పెట్టి బతికిన కాలం ఒకటుండేది, కాదనను. జనం ఏ మాట టైపు చేసి వెతుకుతారో సరిగ్గా ఆ మాటే డొమైన్ పేరుగా, అంటే సైటు చిరునామాగా, కొని అయిదారు పేజీలు రాస్తే పైకొచ్చేసేది. గూగుల్ 2011లో పాండా అనే మార్పుతో పైపై రాతల్ని కిందికి నెట్టింది. 2012 సెప్టెంబరులో, పేరు కలిసినంత మాత్రాన నాసిరకం సైటుకి పైన చోటు దక్కకుండా ఇంకో మార్పు చేసింది. 2022 ఆగస్టులో హెల్ప్‌ఫుల్ కంటెంట్ అని తెచ్చింది. అది పేజీని విడిగా కాక, సైటు మొత్తాన్ని కలిపి చూసేది. 2023 సెప్టెంబరులో దాని దెబ్బకి ఎందరో చిన్న సైట్లవాళ్లు ఒక్కసారిగా పడిపోయారు. 2024 మార్చిలో గుట్టలు గుట్టలుగా రాతలు పోసే సైట్ల మీద వేరే నిబంధనే పెట్టారు. పెద్ద సైట్లనీ వదల్లేదులే. పేరున్న సైటు నీడలో సంబంధం లేని కూపన్ల పేజీలు పెట్టుకుని సంపాదించేవాళ్లని అదే ఏడాది మే నుంచి పట్టుకున్నారు. కాబట్టి సైటు పెద్దదైతే చాలని నేననను. ఒకే విషయం మీద లోతుగా, నిజంగా తెలిసిన మనిషి రాసినట్టు ఉండాలి. పది చోట్ల నువ్వు ఆ మనిషివి కాలేవు.

ఇక్కడ నీకు తెలియని కథ ఒకటుంది. మీ నాన్న నీ మీద కోపంగా ఉన్నాడని అమ్మ చెప్పింది, మాట్లాడడం లేదంట కదా. అది కోపం కాదమ్మలూ, భయం. ఇది నీకు చెప్పొచ్చా అని మొన్న బావనే అడిగాను. చాలాసేపు ఊరుకుని "చెప్పీ" అన్నాడు.

2011లో నువ్వు చిన్నపిల్లవి. కోట జంక్షన్ దగ్గర నా ఇంటర్నెట్ సెంటర్ బాగా నడిచే రోజులు. మీ నాన్న పలాస నుంచి పప్పు బేరానికి వచ్చినప్పుడల్లా సాయంత్రం నా దగ్గర కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. మొదట పెట్టిన సైటు జీడి, కొబ్బరి తోటల గురించి, తెలుగులో. పూత మీద టీ దోమ పడితే కొమ్మ ఎలా ఎండిపోతుందో, పిక్కలు ఎన్ని ఎండలు పెట్టాలో, బస్తా కొనేముందు నాలుగు పిక్కలు కోసి లోపలి పప్పు ఎందుకు చూడాలో రాసేవాడు. మందస, వజ్రపుకొత్తూరు నుంచి బెంగళూరు, చెన్నై పోయిన కుర్రాళ్లు చదివి, ఊళ్లో ఉన్న తండ్రులకి ఫోన్ చేసి చెప్పేవారు. మీ నాన్నకి ఫోన్లు వచ్చేవి. కౌంటర్ పక్కన నిలబడి గంటసేపు మాట్లాడేవాడు, ముఖం వెలిగిపోతుండేది.

డబ్బు మాత్రం రాలేదు. తెలుగు పేజీలకి గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018లో గానీ మొదలవలేదు. ఆ 2011 రోజుల్లోనే ఎవరో ఇంగ్లీషులో చిన్న సైట్లు బోలెడు పెట్టు, డబ్బులే డబ్బులన్నారు. బావ చీటీ పాడుకుని ముప్పై దాకా పేర్లు కొన్నాడు. లోన్లు, మొబైళ్లు, జుట్టు రాలడం, అమెరికా వీసా. ఒక్కోదానికి అయిదు పేజీలు. కాలేజీ పిల్లలకి పేజీకింత అని ఇచ్చి రాయించాడు. మొదట్లో డబ్బులొచ్చాయి, అందుకే ఇంకా కొన్నాడు. ఆ పేజీల్లో ఏముందో చదవడానికి ఆయనకే తీరిక లేదు. 2012 చలికాలానికి వాటిలో చాలామటుకు వెతికినా కనబడకుండా పోయాయి. తప్పు గూగుల్‌ది కాదు, ఆ పేజీల్లో చదవడానికి ఏమీ లేదు.

పోతే పోయింది, చీటీ అప్పు మూడేళ్లలో తీర్చీశాడు. ఆయన్ని కోసేసింది అది కాదు. ముప్పై పేర్లకి రెన్యువల్ తారీకులు ముప్పై. వేర్వేరు చోట్ల కొన్నవి, వేర్వేరు మెయిల్ ఐడీలతో కొన్నవి. ఆ గందరగోళంలో జీడి తోటల సైటు గడువు దాటిపోయింది. గుర్తుచేసే మెయిళ్లు తను తెరవడం మానేసిన ఐడీకి వెళ్లాయి. డాట్ కామ్ పేరు గడువు దాటిన వెంటనే పోదు. కొన్నాళ్లు మామూలు ధరకే తిరిగి కట్టుకోవచ్చు. ఆ తర్వాత ముప్పై రోజులు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. ఆపైన అయిదు రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరో కొన్నారు. అందులో పేకాట పెట్టారు. మందస నుంచి ఒక రైతు కొడుకు ఫోన్ చేసి, "ఇదేటి మాస్టారూ, మీ సైటు తెరిస్తే జూదం వస్తంది, మా నాన్న పక్కనే ఉన్నాడు" అన్నాడు. బావ ఆ ఫోను నా ఎదురుగానే మాట్లాడాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయినప్పుడు, పడిన తోట గట్టు మీద నిలబడి నాతో ఒకే మాటన్నాడు. "ఇప్పుడా సైటు ఉండుంటే బావా, ఏ అంటు తెచ్చి ఎలా నాటాలో రాసేవాణ్ణి, వెయ్యిమంది చదివేవారు." ఆయన ముప్పై సైట్ల గురించి బాధపడలేదు చూడు, ఒక్కదాని గురించే.

అందుకే చెబుతున్నాను, జీడిపప్పు పట్టుకో. నీకు పుట్టుకతో వచ్చిన విద్య అది. పలాసలో పప్పు కొనేవాళ్లకి డబ్ల్యూ 240 అంటే ఏమిటో తెలియదు. పౌనుకి, అంటే 454 గ్రాములకి, 220 నుంచి 240 గింజల దాకా తూగే పెద్ద తెల్ల పప్పు అని, 320 అంటే అంతకన్నా చిన్నదని, అంకె పెరిగేకొద్దీ పప్పు సన్నబడుతుందని రాయి. అరచేతిలో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తియ్యి. పిక్క కొట్టే ఆడవాళ్లు వేళ్లకి ఎందుకు నూనె రాసుకుంటారో, పెంకులోని జీడి రసం అంటితే చర్మం ఎలా పొక్కుతుందో వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాయి. బయట హోల్‌సేల్ ధర ఏ నెలలో ఎందుకు దిగుతుందో మీ నాన్నని అడుగు. అడిగితే మాట్లాడతాడు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి ఉండాలి. కొనేవాడు రకాల పేజీకొచ్చి, నిల్వ పేజీ చూసి, తోటల పేజీ దాకా వెళ్లాలి. పది సైట్లుంటే ఈ రాకపోకలే ఉండవు. చెంబుడు నీళ్లు పది మొక్కలకి పంచితే ఏ వేరూ తడవదు.

ఖద్దరు, వీణ, ఇత్తడి వదిలీమని కాదు. జీడి సైటు నిలబడ్డాక, మన జిల్లాల సరుకు, పనితనం అని పెద్ద కప్పు ఒకటి వేసి అందులోనే గదులుగా కలుపు. అందుకని డొమైన్ పేరులో జీడి అన్న మాట ఇరికించకు, ఊరి వాసన ఉన్న పేరు పెట్టు. తెలుగు, ఇంగ్లీషు కూడా రెండు సైట్లుగా వద్దు, ఒకదాంట్లోనే రెండు విభాగాలు. మిక్సీలు, ఇన్సూరెన్సు, బరువు తగ్గడం కొట్టీ. డబ్బు, ఆరోగ్యం సంగతులు తెలియకుండా రాస్తే చదివినవాడికి నష్టం, ఆ పాపం నీకొద్దు.

వేరే సైటు ఎప్పుడు పెట్టాలంటావా? చదివేవాడు పూర్తిగా వేరైనప్పుడు. ఉద్యోగ ప్రకటనలు చూసే కుర్రాడు జీడిపప్పు కొనడు. కానీ ఆ పని రోజూ పొద్దున్నే చేయాలి, ఒక్కరోజు ఆలస్యమైతే ఎందుకూ పనికిరాదు. మొదటిదానికి నువ్వు లేకపోయినా నడిపే మనిషి దొరికేదాకా రెండోది వద్దు.

అన్నీ ఒకచోటే పెడితే, అది పడితే ఏంటని నీ భయం. అది నిజమైన భయమే, నాకూ ఉంది. గూగుల్ ఇప్పుడు ఏఐ రాసిన జవాబు పైనే చూపించేస్తోంది, మన దేశంలో 2024 ఆగస్టు నుంచి. కొందరు సైటుదాకా రారు. దానికి మందు ఇంకో తొమ్మిది సైట్లు కాదు, అవన్నీ వాన పడితే ఒకేసారి తడుస్తాయి. చదివేవాళ్లు నీ పేరు గుర్తుపెట్టుకుని నేరుగా రావాలి. ఈమెయిల్ జాబితా మొదటినెల నుంచే కట్టు, వాట్సాప్ ఛానల్ పెట్టు. ప్రకటనల మీదే ఆధారపడకు, నాన్న పప్పే అమ్ము. యాడ్‌సెన్స్‌లో నూరు డాలర్లు చేరితే గానీ చేతికి రాదు. పది డాలర్లు చేరగానే చిరునామా సరిచూసే పిన్ పోస్టులో వస్తుంది, పోస్ట్‌మ్యాన్‌కి ముందే చెప్పి ఉంచు. ఏడాది ఇంటిఖర్చు పక్కన లేకుండా ఇందులోకి దిగావంటే మాత్రం నేనొచ్చి తిడతాను. రాత్రి రెండింటిదాకా మేలుకోవడం కూడా మానీ. నీ కళ్లు చిన్నప్పుడే మెత్తనివి, వాటికి నీళ్లు కారితే నీకన్నా నాకే ఎక్కువ ఏడుపొచ్చేది.

ఇక ఈ రెండు పనులూ ఈ వారమే చెయ్యి. డొమైన్ నీ సొంత పేరున, నువ్వు రోజూ చూసే మెయిల్‌తో కొను. సైటు కట్టిచ్చే కుర్రాడి ఖాతాలో కొననివ్వకు, వాడెంత మంచోడైనా సరే. ఒకేసారి అయిదేళ్లకి కట్టు, ఆటో రెన్యువల్ పెట్టు, కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్ మీద రాయి. డబ్బు తక్కువైతే అడుగు, నేను పంపుతాను. రెండో మెయిల్‌గా మీ నాన్నది పెట్టు. ఎందుకని అడిగితే, గడువు మెయిళ్లు తనూ చూడాలని మావయ్య చెప్పాడను.

జాబితా మళ్లీ రాసి పంపు, ఒక్క పేరుతో.

మావయ్య