మూడు వారాల కోర్సుకు యూరప్ వెళ్లవచ్చునా?

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు, ఎం.కాం. చదివాను. మా నాన్నగారు సభ్యులుగా ఉన్న, నాటక పోటీలు నడిపే పరిషత్తుకు నాలుగేళ్లుగా జమాఖర్చులు రాస్తున్నాను. న్యాయనిర్ణేతల ప్రయాణాలు, నాటక సమాజాల బస, భోజనాల ఏర్పాట్లు కూడా నేనే చూస్తున్నాను. వచ్చే వేసవిలో యూరప్‌లో ఏదైనా విశ్వవిద్యాలయం నడిపే ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు మూడు వారాలు చేయాలని ఉంది. అంత డబ్బు పెట్టి వెళితే ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడుగుతున్నారు. వెళ్లమంటారా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉద్యోగం కోసమే అయితే వద్దనే చెబుతాను. యూరప్ విశ్వవిద్యాలయాల లెక్కలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. మూడు క్రెడిట్లు ఇచ్చే కోర్సు అంటే తరగతులు, సొంత చదువు అన్నీ కలిపి తొంభై గంటలకు మించదు. దాన్ని ఎవరూ డిగ్రీతో సమానంగా చూడరు. అయితే మీరు ఉత్త చేతులతో వెళ్లడం లేదు. నాలుగేళ్ల జమాఖర్చుల పుస్తకం మీ దగ్గర ఉంది కనుక, మీ విషయంలో నా అభిప్రాయం వేరు.

పాఠ్యాంశాల పట్టికలు ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి: బడ్జెట్టు, నిధుల సేకరణ, ప్రచారం, ఒప్పందాలు, హక్కులు. అందుచేత కోర్సు ఏ ఊళ్లో, ఏ నెలలో జరుగుతుందో ముందు చూడండి. తరగతి గది బయట ఉత్సవం నడుస్తున్న ఊరైతే, ప్రతి ఉత్సవంలోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: నష్టం వస్తే ఎవరు భరిస్తున్నారు?

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవం 1920 ఆగస్టులో ప్రధాన చర్చి ముందున్న చౌకులో ఒక నాటకంతో మొదలైంది. ఈనాటికీ వేసవిలో ఆ నాటకాన్ని అక్కడే ఆడతారు. వాన వస్తే ఉత్సవ మందిరంలోకి మారుస్తారు. లోటును కేంద్రం, రాష్ట్రం, నగరం, పర్యాటక నిధి కలిసి పూడ్చాలని 1950లో చట్టమే చేశారు.

బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. 1947లో అక్కడ అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు, ఎవరూ పిలవని ఎనిమిది నాటక బృందాలు వచ్చి, దొరికిన చోట ఆడి వెళ్లాయి. ఫ్రింజ్ అనే ఉత్సవం పుట్టుక అదే. నేటికీ ఎంపిక సంఘం లేదు. వేదిక దొరికించుకున్న వారెవరైనా ఆడవచ్చు. ఆగస్టు వచ్చిందంటే చర్చి హాళ్లు, పబ్బుల పైగదులు, కళాశాల గదులు రంగస్థలాలవుతాయి, ఒకే వేదిక మీద పొద్దుటి నుంచి అర్ధరాత్రి వరకూ బృందాలు మారుతూనే ఉంటాయి. ఒక నాటకం ముగిసిన కొద్ది నిమిషాల్లోనే ఒక బృందం సామాను సర్దుకుని వెళ్లాలి, తర్వాతి బృందం తన సామాను దించి, దీపాలు సరిచూసుకుని, ప్రేక్షకులను లోపలికి పిలవాలి. పరిషత్తు నాటకాల్లో రంగాలంకరణ మారేదాకా కునికిపాట్లు పడుతున్న ప్రేక్షకులను ఎరిగిన మీరు, ఆ కొద్ది నిమిషాల్లో ఎవరు ఏ తలుపు దగ్గర నిలబడి ఏం చేస్తున్నారో రాసుకుని తెస్తే, అదొక్కటే ప్రయాణ ఖర్చుకు తగ్గ పాఠమవుతుంది.

అయితే ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించేది కళాకారులే. వసూలులో నూటికి 60 బృందానికి, 40 వేదిక యజమానికి అన్న ఒప్పందం అక్కడ సాధారణం. దానిలోనే, వసూలు ఎంతైనా బృందం వేదిక యజమానికి కట్టి తీరవలసిన కనీస హామీ మొత్తం ఒకటి తరచుగా ఉంటుంది. హాలు నిండకపోతే బృందం అప్పుతో ఇంటికి వెళుతుంది. మన పరిషత్తుల్లో ప్రాథమిక పరిశీలనలో నెగ్గిన నాటకాలే ఆడతాయి, సమాజానికి పారితోషికం ముడుతుంది, ప్రేక్షకుడు చాలాచోట్ల టిక్కెట్టే కొనడు. భారమంతా దాతల మీద ఉంటుంది. ఒక పెద్ద దాత కన్నుమూస్తే పోటీలే ఆగిపోతాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల్లో తెరలు కట్టడం నుంచి టిక్కెట్లు చింపడం వరకూ కుటుంబమే చూసుకునేది, నష్టం కూడా ఆ ఇంటి వంటగదిలోకే వచ్చేది. ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడగలిగితే మీ పరిషత్తుకు ఏది నప్పుతుందో మీరే తేల్చగలరు.

మన చట్టాలు మాత్రం అక్కడ ఎవరూ నేర్పరు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు చేయవలసిన సామాజిక బాధ్యత ఖర్చులో సంప్రదాయ కళల ప్రోత్సాహం కూడా ఉంది. దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి గుర్తింపు మీ పరిషత్తుకు ఉన్నదో లేదో బయలుదేరేలోపే కనుక్కోండి.

వీసా సంగతి. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన సంస్థ నుంచి ప్రవేశ లేఖ ఉంటే, ఆరు నెలల లోపు చదువుకు విజిటర్ వీసా చాలు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్ట్రియాకు షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. దానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ వీసాల మీద ఉద్యోగం చేయకూడదు కనుక, అక్కడ సంపాదించి ఖర్చు రాబట్టుకోవచ్చన్న మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఆగస్టులో ఎడిన్‌బరోలో గది అద్దెలు బాగా పెరుగుతాయి. విశ్వవిద్యాలయం వసతి ఇస్తుందో లేదో ఫీజు కట్టకముందే రాసి అడగండి.

దరఖాస్తుతో పాటు ఈ చదువు ఎందుకో చెబుతూ ఒక లేఖ రాయమంటారు. అందులో కళాసేవ గురించి రాయకండి. మీ పుస్తకం తెరిచి, ఒక్క ఏడాది పోటీలకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, లోటును చివరికి ఎవరు పూడ్చారు అన్నది అంకెలతో రాయండి.