కొత్త ట్రాక్టర్ లిఫ్టు దిగిపోతుంటే

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య దీవెనలు.

రాత్రి నీ ఫోను వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. బండి ఇంటికొచ్చి 40 రోజులు కాలేదు, వెనక లిఫ్టుతో ఎత్తిన రోటవేటర్, అదే మట్టి గుల్లచేసే పరికరం, దానంతటదే దిగిపోతోందన్నావు. షోరూం వాళ్లేమో తిరిగేకొద్దీ సర్దుకుంటుందన్నారట. ఇంజను విషయంలో ఆ మాట కొంత నిజమే, మొదట్లో మరీ బరువు పని పెట్టకుండా నడపాలి. లిఫ్టు మాత్రం సర్దుకునేది కాదురా. లోపల సీలో వాల్వో ఆయిల్‌ని నిలపలేకపోతేనే అలా జారుతుంది.

బండిని చదునైన చోట పెట్టి హైడ్రాలిక్ ఆయిల్ ఎంతుందో చూడు. ఎక్కడైనా కారుతోందేమో చూడు. అంతకుమించి చెయ్యి పెట్టకు, మన ఊరి మెకానిక్‌నీ పెట్టనివ్వకు. అతను మంచి పనివాడే. కానీ వారంటీలో ఉండగా బయట ఒక్క బోల్టు విప్పితే, ఆ తర్వాత వచ్చే ప్రతి జబ్బుకీ దాన్నే సాకు చూపిస్తారు.

నువ్వు పొద్దున్నే షోరూంకి తీసుకెళ్లావు చూడు, అక్కడే పొరపాటు జరిగింది. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు లిఫ్టు బాగానే నిలబడుతుంది. వేడెక్కి పలచబడితే జారుతుంది. అందుకే ముందు గంటసేపు పొలంలో తిప్పి, ఆ వేడి మీదే రోటవేటర్‌తో సహా తీసుకెళ్లు. వాళ్ల ముందే ఎత్తి, ఇంజను ఆపి, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిపించు. 10 నిమిషాలాగి మళ్లీ కొలిపించు. ఆ సమయంలో దాని కింద ఎవరినీ చెయ్యి గానీ కాలు గానీ పెట్టనివ్వకు.

ఆ రెండు కొలతలూ, మీటర్లో ఇంజను తిరిగిన గంటలూ షోరూం వాళ్లు కంప్లైంటు రాసుకునే జాబ్ కార్డులో నీ మాటల్లోనే రాయించు. 'జనరల్ చెకప్' అని రాస్తే సంతకం పెట్టకు. నా మొదటి బండికి వెనక ఇరుసు దగ్గర ఆయిల్ కారేది. అయిదుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ బిగించారు, టీ ఇచ్చారు, పంపించేశారు. కాగితం అడగడానికి మొహమాటపడ్డాను. వారంటీ దాటిన నెలకే ఇరుసు పని పెద్దదయింది. 'ఇంతకుముందు ఈ కంప్లైంటే లేదే' అన్నారు. మీ అత్తయ్య గాజులు కుదువపెట్టి బాగుచేయించాను. ఆ బాధ నీకు రాకూడదు.

మూడుసార్లు తీసుకెళ్లినా అదే జబ్బుంటే డీలరుకీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో రాద్దాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2 ఏళ్లలోపు వెళ్లాలి, నీ 7 లక్షల బండికి ఫీజు 200 రూపాయలే. కిరాయికి దున్నుతున్నావు కాబట్టి అది వ్యాపారమంటారేమోనని భయపడుతున్నావు. సొంతంగా నడుపుకుంటూ బతుకుతెరువు కోసం కొన్నవాణ్ణి 2019 చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది.

కిస్తీలు మాత్రం ఆపకు. బ్యాంకుకి లిఫ్టుతో సంబంధం లేదు, బాకీ పడితే నీ పేరే చెడుతుంది.

ఎల్లుండి మొదటి బస్సుకి వస్తాను. నేనొచ్చేసరికి బండి పొలంలో తిరుగుతూ ఉండాలి. టేపు నేను తెస్తాను, కొన్న రసీదూ సర్వీసు పుస్తకమూ నువ్వు తీసిపెట్టు.

మీ మామయ్య