కథ ఓకే అయింది, ఆమె ముఖంలో నవ్వు లేదు

ప్రశ్న: మాది తెనాలి. పదేళ్లకు పైగా కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా కథలు రాస్తున్నాను. ఎన్ని ఆఫీసుల్లో నెరేషన్ ఇచ్చినా ‘చూద్దాం’ అన్నవాళ్లే. ఈమధ్య ఒక నిర్మాతకు కథ నచ్చి అడ్వాన్స్ ఇచ్చారు. ఇన్నాళ్లూ ప్రైవేటు స్కూల్ టీచరైన నా భార్య జీతంతోనే ఇల్లు గడిచింది. ఇక ఉద్యోగం మానెయ్యమంటే ‘ఇప్పుడే వద్దు’ అంది. ముఖంలో సంతోషమే లేదు. ఓర్వలేకపోతోందని అమ్మ అంటోంది. నిజమేనా?
- ఓ రచయిత, హైదరాబాద్

జవాబు: ముందుగా మీకు అభినందనలు. అన్నేళ్లు ‘చూద్దాం’ అనిపించుకుంటూ కూడా రాయడం ఆపకపోవడం చిన్న విషయం కాదు.

ఇక మీ భార్య సంగతి. ‘కథ దాదాపు ఓకే’ అన్న మాట ఆవిడ ఇంతకుముందూ విని ఉంటారు. హీరో డేట్లు కుదరలేదనో, డైరెక్టర్ మారాడనో అది ఆగిపోయినప్పుడు మీరు ముభావంగా కూర్చుంటే, ఇంటి ఓనరుకీ కిరాణా కొట్టుకీ సమాధానం చెప్పుకున్నది ఆవిడే కదా. ఇప్పుడు సంతోషపడాలంటే భయం. అది మీకు అసూయలా కనిపిస్తోంది.

నిజానికి ఆ భయంలో అర్థముంది. అడ్వాన్స్ ఇచ్చిన కథలన్నీ సెట్స్ మీదకు వెళ్లవు. మిగతా డబ్బు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. నెలనెలా వచ్చే జీతాన్ని మానుకోమనకండి. అసలు పాఠం చెప్పడం ఆవిడకు ఇష్టమేమో ఎప్పుడైనా అడిగారా?

అగ్రిమెంట్ ఇంటికి తెచ్చి ఇద్దరూ కలిసి చదవండి. రోజూ పేపర్లు దిద్దే మనిషి, మీ కంట పడనివి ఆవిడ కంట పడతాయి. డబ్బు ఏ దశలో ఎంత, టైటిల్ కార్డులో మీ పేరు ఎలా పడుతుంది, ఏ హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నారు అన్నవి కాగితం మీద ఉండాలి. కాలపరిమితి రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కేస్తుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా హాల్లో ప్రదర్శన కాక మిగతా వాడకాల మీద రచయితకు రాయల్టీలో సమాన వాటా ఉంది. దాన్ని వదులుకుంటున్నట్టు రాయించుకున్నా చెల్లదు. సంతకానికి ముందు లాయరుకు చూపించండి, కథను రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. మాటల్లో నమ్మకం కుదరని మనిషికి ఈ కాగితాలు చూస్తే కాస్త కుదుటపడుతుంది.

అమ్మగారి మాటకు మీరు మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నట్టే అవుతుంది. ఇన్నేళ్లు ఈ ఇంటి అద్దె ఎవరు కట్టారో ఆవిడకు మీరే చెప్పండి, మీ భార్య ఎదురుగానే చెప్పండి.