విల్లు తీగ ముంజేతికి తగులుతోంది, గురిచూసే సైట్ మార్చాలా?

ప్రశ్న: కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండేది) పట్టి రెండు నెలలైంది. కుడిచేతి వాటం. 30 మీటర్ల నుంచి వేస్తే బాణాలు ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి పోతున్నాయి. తీగ తగిలి ఎడమ ముంజేయి కమిలిపోతోంది. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, విల్లు డ్రా లెంగ్త్ (తీగను పూర్తిగా లాగే దూరం) 28.5 అంగుళాలు. సైట్ జరపాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సైట్ జోలికి పోకండి. బాణాలన్నీ ఒకేచోట గుంపుగా పడితే కదా దాన్ని జరిపేది! ముందు మీ బార (చాచిన రెండు చేతుల కొసల మధ్య దూరం) కొలిచి, అంగుళాల్లో వచ్చినదాన్ని 2.5తో భాగించండి. బార కూడా ఎత్తంతే ఉంటే 67 అంగుళాలు, అంటే సుమారు 27 రావాలి. 28.5 మీకు ఎక్కువే. అందుకే తల వెనక్కి వాలి, విల్లు పట్టిన భుజం పైకి లేచి, చెయ్యి తీగ దారిలోకి వస్తోంది. క్యామ్ (విల్లు కొసన తిరిగే చక్రం) మీద డ్రా లెంగ్త్‌ను నిర్ణయించే మాడ్యూల్ అనే ముక్కను దుకాణంలోనే మార్పించండి. కొన్ని విల్లులకు ప్రెస్ (విల్లును వంచిపట్టే యంత్రం) కావాలి, ఇంట్లో విప్పితే ప్రమాదం.

బాణాలు చెదరడానికి అసలు దోషి చాలాసార్లు పిడికిలే. బిగిస్తే విల్లు మెలి తిరుగుతుంది. పిడి బరువంతా బొటనవేలి కింది కండ మీదే పడాలి, ఆయుర్రేఖ దాటకూడదు. వేళ్లు వదులుగా, కణుపులు 45 డిగ్రీల వాలులో ఉంచి, మోచేతి మడత నిలువుగా వచ్చేలా చెయ్యి తిప్పండి.

తీగను పట్టి వదిలే రిలీజ్ పరికరం ట్రిగ్గర్‌ను టక్కున నొక్కడం మరో జబ్బు. వేలిని కొక్కెంలా తగిలించి, వీపు కండరాలతో మోచేతిని వెనక్కి లాగుతూ పోండి, తీగను అదే వదులుతుంది. రెండు వారాలు 3 మీటర్ల నుంచి, టార్గెట్ కాగితం లేని దిమ్మెకు రోజూ 40 బాణాలు వేయండి. 30 మీటర్ల సాధన మాత్రం పొద్దున్నే. మధ్యాహ్నం దాటితే మీ ఊళ్లో సముద్రపు గాలి తప్పెవరిదో తేలనివ్వదు.